రెడ్డెమ్మ గొంతుతో చదివిన పద్యం

1982 సెప్టెంబరులో కువైట్‌లోని ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో చేరాను. నియామక పత్రంలో నా హోదా ‘ఇంగ్లీషు, వాచికం ఉపాధ్యాయిని’. వారానికి ఇరవై రెండు పీరియడ్లు. వాటిలో పద్దెనిమిది పాఠ్యపుస్తకం, వ్యాకరణం. మిగతా నాలుగు వాచికం. అంటే పద్యాన్నో ప్రసంగాన్నో పదిమంది ముందు నిలబడి గొంతెత్తి చదవడం నేర్పడం. నా పైన విభాగాధిపతి, ఆవిడ పైన సూపర్‌వైజర్, ఆయన పైన ప్రిన్సిపాల్. వాచికం టీచరంటే మిగతావాళ్ళకి కాస్త చులకన. లెక్కల మాస్టారు ఒకాయన మాది చేతులూపుకునే శాఖ అనేవాడు. మంత్రిత్వశాఖ నుంచి ఇన్‌స్పెక్టర్లు వచ్చే ముందు మాత్రం, స్టేజి మీద పిల్లల చేత ఏం చేయించాలో పాలుపోక ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడేవాడు.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. చదవాల్సిన కాగితం మీద ముందు పెన్సిలుతో గుర్తులు పెడతాం. ఒక నిలువు గీత అంటే చిన్న ఊపిరి, రెండు గీతలంటే పూర్తిగా ఆగడం, మాట కింద గీత ఉంటే అక్కడ బరువు వేయడం. యాసలో ఉన్న రచన అయితే ఇంకో మెట్టు ఎక్కాలి. ఆ యాసలో పుట్టి పెరిగిన మనిషిని ఒకరిని పట్టుకుని, వాళ్ళ మాటని టేపు చేసి, ఎక్కడ సాగదీస్తున్నారో ఎక్కడ మింగేస్తున్నారో రాసుకుని, అచ్చుగుద్దినట్టు వచ్చేదాకా సాధన చేయాలి. హైదరాబాదులో నేను శిక్షణ తీసుకున్న చోట దీనికి తెర పరీక్ష పెట్టేవారు. తెర వెనక అసలు మనిషి ఒకసారి, మేము ఒకసారి మాట్లాడతాం. బయట కూర్చున్నవాళ్ళు ఏది ఎవరి గొంతో చెప్పలేకపోతే మేము నెగ్గినట్టు. ఆ పరీక్షలో నేనెప్పుడూ తప్పలేదు. ఆ సంగతి పదిమందికి చెప్పుకోవడంలో కూడా వెనకాడేదాన్ని కాదు.

మా విభాగంలో మిసెస్ గ్రేడీ అనే నల్లజాతి అమెరికన్ ఉండేవారు. యాభై దాటిన మనిషి. భర్త ఏదో నిర్మాణ సంస్థలో ఇంజనీరు. 1983 చలికాలంలో ఒక రోజు పై తరగతుల పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి, తమవాళ్ళ యాస పద్యాలు నాలుగు చదివారు. బానిసత్వం పోయిన కొత్తల్లో, తోటల్లో, వంటిళ్ళలో పనిచేసిన నల్లవాళ్ళు మాట్లాడుకునే భాషలోనే నల్ల కవులు రాసిన పద్యాలవి. అచ్చులో చూస్తే అన్నీ తప్పుల్లా కనిపిస్తాయి. తెల్లవాళ్ళు వాటిని విని పగలబడి నవ్వుకునేవాళ్ళట. తర్వాత చదువుకున్న నల్లపిల్లలు అవి తమకు తలవంపులని పక్కన పెట్టేశారట. ఈ రోజుల్లో వాటిని పైకి చదవాలంటే రెండు వైపులా గొయ్యేనని ఆవిడ అన్నారు. యాస ఎక్కువ చేస్తే కోతి ఆట అవుతుంది, తక్కువ చేస్తే ప్రాణం పోతుంది.

ఆ రోజు పిల్లలు మొదట విరగబడి నవ్వారు. ఆవిడ ఆగలేదు, తొందరపడనూ లేదు. గొంతు పెంచకుండా అదే నడకలో చదువుకుంటూ పోయారు. మూడో పద్యానికి హాల్లో చప్పుడు లేదు. యజమాని బిడ్డకి అన్నం తినిపిస్తూ ఒక వంటమనిషి మాట్లాడే పద్యం అది. తన బిడ్డ ఎక్కడుందో ఆవిడకి తెలియదని వినేవాళ్ళకి చివర్లో గానీ అర్థం కాదు. స్టాఫ్ రూములో అడిగితే, మొదటి రెండు నిమిషాలూ నవ్వు తప్పదని, దాన్ని అదలించకూడదని, అది దానంతటదే సిగ్గుపడి ఆగిపోవాలని మిసెస్ గ్రేడీ చెప్పారు. నా ఉద్యోగంలో నేను విన్న మంచి సలహాల్లో అది ఒకటి.

ఆ పద్యం నన్ను వదల్లేదు. తెలుగులో చెప్పాలనిపించింది. మా తెలుగు కుటుంబాల సంఘం ఉగాదికి ఏదో ఒక అంశం చేయమని ఎలాగూ అడుగుతోంది. అనువాదానికి కూర్చుంటే భాష దగ్గరే చిక్కొచ్చింది. మాది తెనాలి. నా తెలుగులో పెడితే అది పాఠ్యపుస్తకంలా తయారైంది. కువైట్‌లో మా ఇళ్ళలో అంట్లు తోమేవాళ్ళు, పిల్లల్నెత్తుకునేవాళ్ళు కడప, రాయచోటి వైపు మనుషులు. ఇంజనీర్ల భార్యలు తేనీటి విందుల్లో అనుకరించి నవ్వుకునేది వాళ్ళ మాటనే. నేనూ నవ్విన రోజులున్నాయి. కాబట్టి పద్యానికి సరైన భాష అదేనని తేల్చుకున్నాను. ఆ తేల్చుకోవడంలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. తప్పు ఆ తర్వాత చేశాను.

మా ఇంట్లో మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం పూట పనికి వచ్చే మనిషి పేరు రెడ్డెమ్మ. రాయచోటి దగ్గర పల్లె. ముప్పై అయిదేళ్ళుంటాయి. జాబ్రియా పేటలో ఒక అరబ్బు ఇంటికి పనికి వచ్చి, మూడేళ్ళు ఆ ఇంటి పాపను పెంచింది. పాప ఒకసారి మెట్ల మీద పడితే, ఆ ఇంటి యజమానురాలు, రెడ్డెమ్మ ‘మామా’ అని పిలిచే ఆవిడ, కాల్చిన గరిటె తెచ్చి రెడ్డెమ్మ ముంజేతికి అదిమింది. మచ్చ నేను చూశాను. అలాంటివి ఇంకా ఉన్నాయని చెప్పింది గానీ చూపించలేదు. కిందటి రంజాను నెలలో ఆ ఇంట్లోంచి పారిపోయి, దూరంగా ఉన్న మంగఫ్‌లో తన వైపు ఆడవాళ్ళు నలుగురుండే గదిలో తలదాచుకుంది. పాస్‌పోర్టు, నివాస పత్రమైన ఇఖామా ఆమె కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చి రప్పించుకున్న ఆ ఇంటి యజమాని దగ్గరే ఉన్నాయి. మనిషి పారిపోయిందని కఫీల్ పోలీసులకి రాసిచ్చాడు. అలాంటి మనిషి దొరికితే పోలీసులు కఫీల్‌కే కబురు చేస్తారు. ఆయన కావాలంటే ఆయనకే అప్పగిస్తారు. పాస్‌పోర్టు లేనివాళ్ళు ఊరికి పోవడానికి రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ కోసం రెడ్డెమ్మ అర్జీ పెట్టుకుంది. అది రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు.

“ఆ ఇంటికి మళ్ళా పోతే నేను బతకనుమ్మా. ఈ రెండు నెలలు ఎవురి కంట్లో పడకుండా ఉంటే సాలు,” అని నాతో ఒకటికి పదిసార్లు అంది.

అంటే నాకు అన్నీ తెలుసు. తెలిసే ఆమెను నా నమూనాగా ఎంచుకున్నాను. వంటింట్లో ఆమె కూరగాయలు తరుగుతుంటే గట్టు మీద టేపు రికార్డరు పెట్టాను. ఎందుకమ్మా అని అడిగితే బళ్ళో పాఠం కోసమన్నాను. నా మాట్లు గూడా పాఠమేనా అని నవ్వి ఊరుకుంది. ఎనిమిది మధ్యాహ్నాలు టేపు చేశాను. పాప గురించి అడిగితే ఆమె ఆగేది కాదు. ఆ పాప అన్నం తినడానికి మారాం చేసేదట. రెడ్డెమ్మ ముద్దలు చేసి కిటికీ అంచు మీద వరసగా పెట్టి, ఇది పావురాయికి, ఇది పిల్లికి, ఇది నాకు అంటూ లెక్కపెడితే, వాటికి దక్కనివ్వకూడదని పాప అన్నీ తినేసేదట. తినిపించినంతసేపూ “యల్లా ముత్తెమా” అని పిలిచేదట. యల్లా అంటే అరబ్బీలో కానీ, పద అని. సగం అరబ్బీ, సగం రాయచోటి. పాప పేరు వేరే ఏదో. ముత్తెం అన్నది రెడ్డెమ్మ పెట్టుకున్న పేరు.

అమెరికన్ పద్యంలో మొక్కజొన్న రొట్టె, పొయ్యి దగ్గరి పిల్లి ఏవో ఉన్నాయి. వాటిని తీసేసి కిటికీ అంచు మీది ముద్దలు పెట్టాను. పావురాయి, యల్లా ముత్తెమా, గరిటె, అన్నీ పెట్టాను. పద్యం ఒక్కసారిగా లేచి కూర్చుంది. రెడ్డెమ్మ పేరు ఎక్కడా రాయలేదు, జాబ్రియా అని అనలేదు. పేరు చెప్పలేదు కదా, ఇంకేం భయమనుకున్నాను.

1984లో ఉగాది వెళ్ళిన తర్వాతి శుక్రవారం సాయంత్రం మా బడి హాల్లోనే కార్యక్రమం. మైకు వద్దన్నాను. ముందు వరసల్లో ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాలు. వెనక వరసల్లో డ్రైవర్లు, వంటవాళ్ళు, పిల్లల్నెత్తుకున్న పనిమనుషులు. మిసెస్ గ్రేడీని నేనే పిలిచాను; ముందు వరసలో కూర్చున్నారు. రెడ్డెమ్మ జనంలోకి రాదు కాబట్టి రాలేదు. నేను “యల్లా ముత్తెమా, ఈ ముద్ద పావురాయికి” అనగానే హాలంతా నవ్వు. తెనాలి టీచరమ్మ నోట కడప మాట వస్తే ముందు వరసలకి తమాషా. వెనక వరసల నవ్వు వేరే. వాళ్ళ ఇంటి మాట స్టేజి ఎక్కిందని వాళ్ళ సంబరం. నేను అదలించలేదు, తొందరపడలేదు. గరిటె దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. చివరి పాదం అయ్యాక చాలాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి నిశ్శబ్దం ఇంకెప్పుడూ సంపాదించలేదు. నిజం చెప్పాలంటే గాలిలో తేలిపోయాను.

సంఘం అధ్యక్షుడు వచ్చి, తెనాలి మనిషి ఇంత అచ్చంగా ఆ యాస ఎలా పట్టిందని ఆశ్చర్యపోయాడు. మిసెస్ గ్రేడీకి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆవిడ మాత్రం, నువ్వు పద్యం చదవలేదు, ఎవరినో తీసుకొచ్చి నిలబెట్టావు, ఎవరామె అని అడిగారు. మా ఇంట్లో పనిచేసే మనిషని చెప్పాను. ఇక్కడ ఇలా చేస్తున్నావని ఆమెకి తెలుసా అన్నారు. టేపు చేసిన సంగతి తెలుసన్నాను. నేనడిగింది అది కాదు అని, చేతిసంచీ తీసుకుని వెళ్ళిపోయారు. ఆవిడకి అసూయ అనుకున్నాను.

తర్వాత ఏం జరిగిందో కొంత అప్పుడే తెలిసింది, కొంత మూడు వారాల తర్వాత తెలిసింది. వరస కోసం కలిపి చెబుతాను. ఆ శుక్రవారం వెనక వరసలో బాషా అని రాయచోటి మనిషి ఉన్నాడు. రెడ్డెమ్మ పారిపోయిన జాబ్రియా ఇంట్లోనే అతను డ్రైవరు. నా మొదటి నాలుగు మాటలకే అది ఎవరి గొంతో గుర్తుపట్టాడు. కాసేపు నవ్వుకుని, ఇంటావిడని ఎక్కడినుంచో తీసుకురావాల్సిన వేళవడంతో రెండు నిమిషాలకే లేచి వెళ్ళాడు. మర్నాడు కారులో పాప ఏడుస్తుంటే నవ్విద్దామని “యల్లా ముత్తెమా” అన్నాడు. పాప ఏడుపు ఆపి, రెడ్డెమ్మ ఏది అని అడగడం మొదలుపెట్టింది. ఇంటికి వెళ్ళాక కూడా అదే గోల. ఆ మాట ఎక్కడిదని ఇంటావిడ నిలదీస్తే బాషా దాచలేకపోయాడు, శుక్రవారం మా బడి హాల్లో టీచరమ్మ నోట విన్నానని చెప్పేశాడు. అతని ఇఖామా కూడా ఆ ఇంటి మీదే ఉంది.

ఆ ఇంటావిడ అన్నగారి పిల్లలు మా బళ్ళో చదువుతున్నారు. ఆదివారం రెండో పీరియడులో సూపర్‌వైజర్ నన్ను పిలిపించారు. పక్కన బడి మందూబ్ ఉన్నాడు. మందూబ్ అంటే సంస్థ తరఫున ప్రభుత్వ కార్యాలయాల్లో కాగితాల పని చూసే మనిషి. బల్ల మీద ఒక కాగితం. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. ఫలానా పేరు గల స్త్రీ నా నివాసంలో పని చేయదనీ, ఆమె ఎవరో నాకు తెలియదనీ దాని సారాంశం. సూపర్‌వైజర్ మర్యాదగానే మాట్లాడారు. ఒకరి ఇఖామా మీద ఉన్న మనిషిని ఇంకొకరు పనిలో పెట్టుకోవడం నేరమని, నా ఇఖామా బడి మీద ఉంది కాబట్టి బడికి కూడా చిక్కేనని, ఇందులో రాసింది నిజమైతే సంతకం పెట్టి క్లాసుకి వెళ్ళమని చెప్పారు. నిజం కాకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కాగితం రెండుసార్లు చదివాను. సంతకం పెట్టాను. మూడో పీరియడుకి ఆలస్యం కాకుండా వెళ్ళాను.

రెడ్డెమ్మకి కబురు చేయాలి. మంగఫ్‌లో ఆమె గది ఏ భవనంలో ఉందో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. మావారితో చెబితే, గురువారం సెలవు కదా, వెళ్ళి వెతుకుదామన్నారు. సోమవారం బళ్ళోంచి బస్సెక్కి నేనే వెళ్ళుండచ్చు. కంపెనీ బస్సుల దగ్గర కడప మనుషుల్ని నలుగుర్ని అడిగితే చెప్పేవాళ్ళు. సంతకం పెట్టిన మనిషి అక్కడ కనిపిస్తే ఎవరైనా చూస్తారేమోనని వెళ్ళలేదు. ఇంకో సాకు చెప్పను.

మంగళవారం బడి నుంచి వచ్చి వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. మాది మూడో అంతస్తు. కింద ఒక పోలీసు జీపు, దాని వెనక తెల్ల కారు. మూడు దాటాక రెడ్డెమ్మ బస్సు దిగి ఎప్పటిలా తలవంచుకుని నడిచొస్తోంది. వీధి మలుపు నుంచి మా గుమ్మానికి యాభై గజాలుంటుంది. జీపు ఆమెకి కనబడే చోట లేదు. మైకు లేకుండా నాలుగు వందల మందికి వినిపించగల గొంతు నాది. కిటికీ తలుపు తీసే ఉంది. ఒక్క కేక వేస్తే వెనక్కి తిరిగి సందుల్లో పడి పోయేదే. నేను కేక వేయలేదు.

కాసేపటికి భవనం కాపలాదారు, అక్కడ హారిస్ అంటారు, ఒక పోలీసును వెంటబెట్టుకుని పైకి వచ్చి తలుపు కొట్టాడు. వాళ్ళ వెనక మెట్ల మలుపులో రెడ్డెమ్మ, ఆమె పక్కన ఇంకో పోలీసు. ఈ మనిషి మీ ఇంట్లో పని చేస్తుందా అని అరబ్బీలో అడిగాడు. లేదన్నాను. ఆ భాషలో అది ఒక్క అక్షరం. పోలీసు వెనక్కి తిరిగి రెడ్డెమ్మని కూడా అడిగాడు. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసింది. వచ్చీరాని అరబ్బీలో, ఈవిడ ఎవరో తెలియదు, చిరునామా తప్పి వచ్చానని చెప్పింది. వాళ్ళు దిగి వెళ్ళిపోయారు. నేను తలుపు వేసుకున్నాను.

మూడు వారాల తర్వాత మా వీధి చివర బకాలాలో, అంటే చిల్లర కొట్లో, ఒకతను నా దగ్గరికి వచ్చి తన పేరు బాషా అన్నాడు. పైన నేను కలిపి చెప్పిందంతా అతను చెప్పిందే. కొట్టువాడు వినకుండా గొంతు తగ్గించి మాట్లాడాడు.

“పాప ఏడుస్తాంటే నవ్విద్దామని అంటి మేడం. ఇంత అవుతాదని నాకు తెలీదు. ఆయమ్మిని స్టేషన్ నుంచి నేనే తోలుకొచ్చినా. మామా పంపిస్తే పోకుండా ఉండేకి యాడవుతాది?”

దారిలో ఆమె ఏమైనా అన్నదా అని అడిగాను.

“పోలీసోళ్ళకి ఎవురు జెప్పినారని అడిగింది. నేను జరిగింది జెప్తి. నా మాట్లు టీచరమ్మ జెప్తాంటే జనాలు ఏం జేసినారు అనింది. నవ్వినారు అని జెప్తి. నేను సూసింది అంతే గదా మేడం. మళ్ళా ఏం అడగలా.”

రెడ్డెమ్మ ఔట్‌పాస్ ఆ తర్వాత పదిహేను రోజులకి వచ్చిందని మంగఫ్ నుంచి ఒకామె వచ్చి చెప్పింది. పట్టుకెళ్ళి ఇవ్వడానికి మనిషి ఆ ఇంటి గేటు లోపల ఉంది. రాయబార కార్యాలయానికి నేను రాసుండచ్చు. ఆమె నాకు తెలుసని రాయాలి, తెలియదని అప్పటికే రాసిచ్చాను. ఆ ఏడాది చివర బాషా ఆ ఇంట్లో పని మానేసి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళేనాటికి ఆమె అక్కడే ఉంది, బయటికి పంపడం లేదన్నాడు. అంతకు మించి నాకు తెలియదు.

1989 దాకా ఆ బళ్ళోనే వాచికం చెప్పాను, హైదరాబాదు వచ్చాక ఇంకో పదకొండేళ్ళు చెప్పాను. యాస రచనలు మానలేదు. ఒక మనిషిని నమూనాగా పెట్టుకునే పద్ధతి మాత్రం నా తరగతుల్లో తీసేశాను. కారణం విద్యార్థులకి ఇలా చెప్పేదాన్ని. వందేళ్ళ కిందటి పద్యంలోని వంటమనిషిని ఇప్పుడు ఎవరూ పట్టుకుపోలేరు, ఎంత అచ్చంగా పలికినా ఆమెకి కొత్తగా కీడు జరగదు. బతికున్న మనిషి మాటలో ఆమె ఊరు, ఆమె పెంచిన బిడ్డ, ఆమె దాక్కున్న చోటు అన్నీ ఉంటాయి. పేరు తీసేసినంత మాత్రాన అవి పోవు. ఆ మాట తీసుకోవాలంటే ఎక్కడ, ఎవరి ముందు పలకబోతున్నామో ఆమెకి చెప్పి తీసుకోవాలి, వద్దంటే మానుకోవాలి.

సంతకం గురించి తరగతిలో చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. జనం మొదట నవ్వారని రెడ్డెమ్మకి తెలుసు. తర్వాత ఆ హాలంతా నోరు మెదపకుండా కూర్చున్నదని ఆమెకి తెలియదు. అది వెళ్ళి చెప్పాల్సిన మనిషిని నేనే. ఆమె ఎవరో నాకు తెలియదని రాసిచ్చాను కాబట్టి వెళ్ళలేదు.